గుర్రం ఒకరిది, నడక ఒకరిది

గుర్రం కొన్నవాడికి ఒక చిక్కు ఉన్నది. పెట్టెలో దాచిన వెండిపళ్లెం ఏడాదిపాటు అక్కడే పడివుంటే నల్లబడుతుంది గాని చచ్చిపోదు. లాయంలో కట్టేసిన గుర్రం సంగతి అట్లా కాదు. దాన్ని ప్రతిరోజూ నడిపించాలి, కొంతదూరం పరుగెత్తించాలి, చెమట ఆరేదాకా మెల్లగా తిప్పి తీసుకురావాలి. యజమానికి తీరిక లేకపోవచ్చు, అతడు ఊళ్లోనే ఉండకపోవచ్చు, అసలు అతడికి స్వారీయే చేతగాకపోవచ్చు. గుర్రం కాళ్లు మాత్రం కదిలి తీరాలి. అందుచేత అతడు మరొక మనిషికి డబ్బిచ్చి తన గుర్రం మీద కూర్చోబెడతాడు. ఇంగ్లండులో ఇది కొన్ని శతాబ్దాలుగా ఒక వృత్తి. ఇతరుల గుర్రాలను నెలసరి సొమ్ము తీసుకొని మేపే లాయాలను అక్కడ ‘లివరీ’ లాయాలంటారు. ఆ లాయాల్లో కోడికూతకు ముందే లేచి, పరుల గుర్రాలకు జీను వేసి, వాటిని ఊరిచివరిదాకా తిప్పుకొచ్చే మనిషిని గురించి ఈ నాలుగు మాటలు.

ఇంత చిన్న సంగతికి చరిత్ర అవసరమా అని కొందరు అడగవచ్చు. అవసరమనే నా ఉద్దేశం. మగ్గం దగ్గర కూర్చున్నవాడి శ్రమ గుడ్డలో కనబడుతుంది. పొలంలో దిగినవాడి శ్రమ గాదెలో కనబడుతుంది. పొద్దున్నే నాలుగు మైళ్లు తిరిగివచ్చిన గుర్రంలో ఎవరికి ఏమి కనబడుతుంది? అది నిన్నటి గుర్రమే. రేపు కూడ అదే గుర్రంగా ఉండాలనే ఇంత శ్రమా ఖర్చయింది. లోకంలో జరిగే శ్రమలో చాలాభాగం ఇట్లాంటిదే: ఊడ్చడం, కడగడం, తుప్పు రాల్చడం, జబ్బుమనిషిని పక్కమీద ఒత్తిగిల్లజేయడం. ఉన్న ఆస్తిని ఉన్నట్టు నిలబెట్టే ఇటువంటి శ్రమకు ఆ ఆస్తి మీద ఏ కొంచెమైనా హక్కు పుడుతుందా? ఈ ప్రశ్నను ఇంగ్లండు న్యాయస్థానాలు నిజంగానే విచారించాయి. అవి ఇచ్చిన జవాబు మనకు పనికివస్తుంది.

ముందు గుర్రాన్ని చూద్దాం. అది గడ్డినేలల్లో పుట్టి పెరిగిన జంతువు. పగలూ రాత్రీ మేస్తూ, అడుగు తీసి అడుగు వేస్తూ బతకడం దాని స్వభావం. గిట్ట నేలను తాకినప్పుడల్లా పాదంలోని నెత్తురు పైకి నెట్టబడుతుంది. గంటల తరబడి నిలబడిపోతే కాళ్లు వాస్తాయి. కొట్టంలో కట్టి, కష్టజీవికి పెట్టినంత దాణా పెట్టి, పని చెప్పకపోతే ఒళ్లు చెడుతుంది. బరువుబండ్లు లాగే గుర్రాలకు పూర్వం ఇంగ్లండులో ‘సోమవారపు జబ్బు’ అని ఒకటి వచ్చేది. ఆదివారం సెలవు, దాణా మాత్రం మామూలే. సోమవారం పొద్దున బండికి కట్టి నాలుగడుగులు వేయించగానే తొడకండరాలు కొయ్యబారి, మూత్రం కాఫీరంగుకు తిరిగి, గుర్రం కూలబడేది. అయితే ఈ బాధ వారంలో ఒక్క రోజుది. మిగతా ఆరు రోజులూ బండిగుర్రాన్ని ఆరోగ్యం కోసం తిప్పుకురమ్మని ఎవరూ ఎవరికీ కూలి ఇవ్వలేదు. ఇవ్వవలసిన అవసరం పని చేయని గుర్రానికే వచ్చింది. అంటే పని చేయనక్కరలేని మనిషి గుర్రానికి. ‘వ్యాయామం’ అన్న మాట మనుషుల విషయంలో కూడ మొదట ఎవరి ఇళ్లలో వినబడిందో పాఠకులే ఆలోచించుకోవచ్చు.

‘లివరీ’ అనే మాటకు ఒక చరిత్ర ఉన్నది. ఫ్రెంచిలో ‘అప్పగించడం’ అనే అర్థం గల ధాతువునుండి అది పుట్టింది. మధ్యయుగపు ప్రభువు తన పరివారానికి రొట్టె, సారాయి, కొవ్వొత్తులు, బట్టలు అప్పగించేవాడు. తన గుర్రాలకు గడ్డీ గింజలూ అప్పగించేవాడు. రెండింటికీ ఒకటే మాట. కాలక్రమాన ఆ మాట రెండుగా చీలి, ఒకవైపు నౌకరు తొడుక్కునే యజమాని రంగుల దుస్తు అయింది, మరొకవైపు గుర్రపు మేత అయింది. పెద్ద ప్రభువులు తమ చిహ్నం కుట్టిన దుస్తులిచ్చి సొంత దండ్లను పోషించడం రాజుకు కంటకమైంది. 1390లో రెండవ రిచర్డు, 1504లో ఏడవ హెన్రీ ఈ ఆచారాన్ని కట్టడి చేస్తూ శాసనాలు చేశారు. దండ్లు పోయాయి, దుస్తు మిగిలింది. అదే దుస్తు తరవాతి కాలంలో బండి వెనక నిలబడే బంట్రోతు ఒంటిమీదికి వచ్చింది. మనిషికి బట్ట, గుర్రానికి మేత, రెండూ ఒకే ఖాతాలో రాసిన భూస్వామ్యం ఆ ఒక్క మాటలో ఇప్పటికీ బతికే ఉన్నది.

ప్రభుత్వం కూడ ఈ ఇద్దరినీ ఒకే గాట కట్టింది. 1777లో అమెరికా యుద్ధానికి డబ్బు చాలక లార్డు నార్తు ప్రభుత్వం మగనౌకర్ల మీద మనిషికి ఒక గినీ చొప్పున పన్ను వేసింది. బండి తోలేవాడూ, గుర్రాన్ని చూసేవాడూ ఆ జాబితాలో ఉన్నారు. 1784లో పిట్ ప్రభుత్వం స్వారీగుర్రాల మీదా, సవారీబండి గుర్రాల మీదా పన్ను వేసింది. రెండింటి వెనకా ఒకటే ఊహ: గుర్రాన్ని చూసే మనిషి కూడ గుర్రంవలెనే యజమానికి ఒక విలాసం. గుర్రాల పన్ను 1874లో పోయింది. మగనౌకర్ల పన్ను 1937 దాకా ఉన్నది. విలాసవస్తువుల జాబితాలోనుండి గుర్రం బయటపడిన 63 ఏళ్లకు గాని దాన్ని తిప్పినవాడు బయటపడలేదు.

పందొమ్మిదవ శతాబ్దపు లండను గుర్రాల నగరం. 1893లో డబ్ల్యు. జె. గార్డన్ ఆ గుర్రాల లోకాన్ని గురించి ఒక పుస్తకమే రాశాడు. ఆ కాలాన నగరంలో సుమారు 3,00,000 గుర్రాలుండేవని అంచనా. లండన్ జనరల్ ఆమ్నిబస్ కంపెనీ ఒక్కదానికే దాదాపు 10,000 ఉండేవి. ఒక బస్సు రోజంతా తిరగాలంటే మారుగుర్రాలతో కలిపి 11 కావాలి. ఆ గుర్రం బస్సు లాగగలిగేది సుమారు అయిదేళ్లు. తరవాత దాన్ని చౌకగా అమ్మేసేవారు. అదే వీధిలో అదే ఎండుగడ్డి తినే మరో గుర్రం సాయంకాలం హైడ్ పార్కులోని రాటన్ రో బాటమీద గంటసేపు అందంగా నడిచివస్తే దాని దినచర్య ముగిసేది. అందం చూపించే గంట యజమానిది. ఆ గంటలో గుర్రం కుప్పిగంతులు వేయకుండా, తల విసరకుండా, మెత్తగా నడవాలంటే అంతకుముందే దాని ఒంట్లోని మదం దిగిపోవాలి. పొద్దున ఎవరూ లేవకముందు ఆ మదాన్ని దించినవాడు సాయిసు. ‘రౌతు మెత్తనయితే గుర్రం మూడు కాళ్లమీద నడుస్తుంది’ అని మన సామెత. లండను పెద్దమనిషి రౌతుగా ఎంత మెత్తనివాడైనా గుర్రం నాలుగు కాళ్లమీదా నడిచింది. కారణం అతడి వెనక ఇంకొక రౌతు ఉన్నాడు.

ఆ ఇంకొక రౌతు నివాసం భవనాల వెనక సందుల్లో ఉండేది. కింద గుర్రాలూ బండీ, పైన గడ్డిమేడ పక్క గదుల్లో మనుషులు. ఆ సందులను ‘మ్యూస్’ అంటారు. ఆ పేరు మొదట చేరింగ్ క్రాస్ దగ్గర రాజుగారి డేగలను ఉంచిన ఇంటిది. 1534లో అది కాలిపోయిన తరవాత అక్కడ లాయాలు కట్టారు. డేగలు పోయినా పేరు నిలిచింది. ఇరవయ్యవ శతాబ్దంలో గుర్రాలు పోయి మోటార్లు వచ్చాయి, తరవాత మోటార్లు కూడ పోయాయి. సాయిసు పిల్లలు పేడకంపులో పెరిగిన గదులు ఈనాడు లండనులో కోటీశ్వరులు వెతుక్కుని కొనే ఇళ్లు.

సొంత లాయం లేని మధ్యతరగతివాడికి గుర్రం మీద మోజు పుడితే ఏమవుతుందో ‘బ్లాక్ బ్యూటీ’లో చూడవచ్చు. ఆనా సీవెల్ 1877లో ప్రకటించిన ఈ పుస్తకాన్ని పిల్లల కథగా చదివి పక్కన పెట్టడం మనకు అలవాటు; ఆ అలవాటు మానుకోవడం మంచిది. బాత్ నగరంలో బారీ అనే వ్యాపారి ఉంటాడు. గుర్రపుస్వారీ చేయమని డాక్టరు చెప్పగా ఒక గుర్రాన్ని కొంటాడు, కొంతదూరంలో అద్దెకొట్టం తీసుకుంటాడు, చూసుకోవడానికి మనిషిని పెడతాడు. మొదటివాడు గుర్రపు దాణా దొంగిలించి ఇంట్లో కుందేళ్లకూ కోళ్లకూ వేస్తాడు. పట్టుబడి రెండు నెలలు జైలుకు పోతాడు. రెండవవాడు దొంగ కాడు, సోకులాడు. కొట్టం శుభ్రం చేయడు. గుర్రం పాదాలు కుళ్లుతాయి. యజమానికి పని తగిలి స్వారీకి రాని రోజుల్లో గుర్రాన్ని అడుగు బయట పెట్టించడు. దాణా మాత్రం కష్టం చేసే గుర్రానికి వేసినంత వేస్తాడు. ఒళ్లు చెడితే తిప్పడానికి బదులు మందుగోళీలు మింగిస్తాడు. విసిగిపోయిన బారీ గుర్రాన్ని అమ్మేసి, ఇకమీదట కావలసినప్పుడు అద్దెకు తెచ్చుకుందామనుకుంటాడు.

సీవెల్ చిన్నతనంలో కాళ్లు దెబ్బతిని, జీవితమంతా గుర్రపుబండి మీద ఆధారపడి తిరిగిన మనిషి. గుర్రం బాధ ఆమెకు తెలిసినంతగా ఆ కాలపు రచయితల్లో మరొకరికి తెలియదు. అద్దెబండి తోలే జెర్రీని గురించి రాసేటప్పుడు ఆదివారపు సెలవు, బండి అద్దెలు, చలిలో కాపలా, అన్నీ ఆమెకు కనబడ్డాయి. బాత్ కొట్టం దగ్గరకు వచ్చేసరికి మాత్రం ఆ చూపు ఆగిపోయింది. సాయిసు ఒకడు దొంగ, మరొకడు మోసగాడు, యజమాని అమాయకుడు. దాణా దొంగిలించినవాడికి నెలకు ఎంత ముట్టేది, ఇంట్లో తినేవాళ్లెంతమంది అన్న ప్రశ్న పుస్తకంలో రాదు. దొంగను మంచివాడని నేననడం లేదు. గుర్రం కంటితో చూసిన కథలో గుర్రం కడుపు కనబడుతుంది, సాయిసు కడుపు కనబడదు, అంతే.

ఈ దొంగతనానికి ఎదురుగా పెట్టి చూడవలసిన మరొక దొంగతనం ఇంగ్లండు న్యాయగ్రంథాల్లో ఉన్నది. 1816లో ఒక యజమాని దగ్గర పనిచేసే నౌకర్లు అతడి గాదెలోనుండి చిక్కుడుగింజలు తీశారు. అమ్ముకోలేదు, ఇంటికి తీసుకుపోలేదు. యజమాని గుర్రాలకే పెట్టారు, అనుమతించిన కొలతకన్నా ఎక్కువగా. ఇది దొంగతనమేనని న్యాయమూర్తుల్లో ఎక్కువమంది తీర్పు చెప్పారు. మరి నౌకర్లకు ఇందులో లాభమేమిటి? గుర్రం బాగా తింటే నిగనిగలాడుతుంది, తోమి మెరిపించే చాకిరీ తగ్గుతుంది, ఆ తగ్గిన చాకిరే నౌకరుకు లాభమని కొందరు న్యాయమూర్తులు అభిప్రాయపడ్డారు! యజమాని గింజలు యజమాని గుర్రం కడుపులోకే పోయాయి. అయినా సాయిసు రెక్కలకు కాస్త విశ్రాంతి దొరికే అవకాశమున్నది గనుక అది అపహరణ. 1846లో ఓట్సు ధాన్యం విషయంలో వచ్చిన మరో కేసులో కూడ ఈ సూత్రాన్నే అనుసరించారు. చివరికి 1863లో పార్లమెంటు ప్రత్యేక శాసనం చేసి, యజమాని పశువుకే మేత పెట్టిన నౌకరును ఘోరనేరం నుండి తప్పించి చిన్న నేరం కింద చేర్చింది. శిక్ష తగ్గిందేగాని నేరం కాకుండా పోలేదు. ‘గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదు’ అని మనవాళ్లు వేళాకోళంగా అంటారు. ఇంగ్లండులో ఆ దాణా ఎక్కువైతే సాయిసు బోనెక్కాడు.

ఇప్పుడు మొదట వేసిన ప్రశ్నకు వద్దాం. యజమాని నెలల తరబడి డబ్బు కట్టడు. అప్పుడు అతడి గుర్రాన్ని పట్టుకొని, బాకీ తీర్చేదాకా ఇవ్వననే హక్కు ఎవరికి ఉన్నది? పూటకూళ్ల సత్రంవాడికి ఉన్నది. వచ్చిన ప్రతి బాటసారినీ అతడు చేర్చుకోక తప్పదు గనుక న్యాయం అతడికి ఆ రక్షణ ఇచ్చింది. లివరీ లాయంవాడికి లేదు. 1833లో ఇటువంటి తగవు వచ్చినప్పుడు, గుర్రాన్ని తీసుకొని మేపి సంరక్షించినంత మాత్రాన దాన్ని ఆపుకొనే హక్కు పుట్టదని తేల్చారు. సంప్రదాయంగా చెప్పే కారణం ఇది: యజమాని తనకిష్టమైనప్పుడల్లా వచ్చి గుర్రాన్ని స్వారీకి తీసుకుపోతాడు, కాబట్టి లాయంవాడి చేతిలో అది తెంపులేకుండా ఉండదు.

దానికన్నా లోతైన కారణం మరొకటి ఉన్నది. తన నేర్పుతో, శ్రమతో వస్తువును మెరుగుపరచినవాడికి మాత్రమే ఆ హక్కు అని ఇంగ్లండు న్యాయం చెబుతుంది. దర్జీ గుడ్డను చొక్కా చేశాడు, పట్టుకోవచ్చు. 1828లో ఒక తీర్పు పందెపుగుర్రానికి శిక్షణ ఇచ్చినవాడికి ఆ హక్కున్నదన్నది, ఎందుకంటే అతడు గుర్రాన్ని పూర్వమున్నదానికన్నా విలువైనదిగా చేశాడు. 1838లో ఆడగుర్రాన్ని దాటించిన పోతుగుర్రం యజమానికి కూడ ఉన్నదన్నారు. 1839లో ఆవులను మేపినవాడికి లేదన్నారు. మేపడం వల్ల పశువు బతుకుతుందేగాని కొత్తదేమీ కాదట. 1849లో శిక్షకుడి హక్కును కూడ కుదించారు: యజమాని తన ఇష్టప్రకారం గుర్రాన్ని పందేలకు పంపగలిగినప్పుడు శిక్షకుడికి నిలిచే పట్టు లేదన్నారు.

ఈ తీర్పులను వరసగా చదివితే ఒక గీత కనబడుతుంది. గీతకు ఒకవైపు విలువను పెంచే శ్రమ, దానికి కొంత హక్కు. మరొకవైపు విలువను నిలబెట్టే శ్రమ, దానికి కూలి తప్ప మరేమీ లేదు. రోజూ పొద్దున గుర్రాన్ని తిప్పడం ఈ రెండవవైపు పడుతుంది. ఒక నెలపాటు తిప్పడం మానేస్తే ఆ గుర్రం ధర ఏమవుతుందో న్యాయమూర్తులకు తెలియక కాదు. చెడిపోకుండా ఆపినదాన్ని లెక్కలో వేసే కాలమ్ వాళ్ల ఖాతాపుస్తకంలో లేదు. ఇంకొక సంగతి కూడ గమనించాలి. ఈ వ్యాజ్యాలన్నీ లాయం యజమానికీ గుర్రపు యజమానికీ మధ్య జరిగినవి. నిజంగా కళ్లెం పట్టుకున్న జీతగాడు వీటిలో కక్షిదారు కాడు, కాలేడు. నౌకరు చేతిలో ఉన్న వస్తువు న్యాయం దృష్టిలో యజమాని చేతిలో ఉన్నట్టే. జీతం బాకీపడితే అతడు గుర్రాన్ని పట్టుకోకూడదు, పట్టుకుంటే దొంగ.

1800లో జార్జి స్టబ్స్ అనే చిత్రకారుడు హాంబుల్టోనియన్ అనే పందెపుగుర్రాన్ని పందెం తరవాత ఒళ్లు తుడిచే స్థితిలో గీశాడు. పక్కన శిక్షకుడు, తుడిచే కుర్రవాడు ఉన్నారు. గుర్రం యజమాని డబ్బు ఎగవేస్తే స్టబ్స్ కోర్టుకెక్కి గెలిచాడు. గుడ్డమీద గుర్రాన్ని చేసినవాడికి న్యాయం దొరికింది. నిజమైన గుర్రాన్ని తుడుస్తూ నిలబడ్డ కుర్రవాడు ఆ బొమ్మలో తువ్వాలుతోనే ఉండిపోయాడు.

అర్థశాస్త్రజ్ఞులు ఏమన్నారు? ఆడం స్మిత్ 1776లో ఇంటి నౌకరు శ్రమను అనుత్పాదక శ్రమలో వేశాడు. చేసిన క్షణంలోనే అది ఆవిరైపోతుంది, అమ్మదగిన వస్తువులో స్థిరపడదు అన్నాడు. మార్క్స్ ఈ విభజనను తీసుకొని దాని తల కిందులు చేశాడు. శ్రమ ఏ వస్తువును చేసిందన్నది ప్రశ్న కాదు. ఏ సంబంధంలో చేసిందన్నది ప్రశ్న. సొంత వసతి కోసం పెట్టుకున్న సాయిసుకు యజమాని తన రాబడిలోనుండి జీతం ఇస్తాడు. అక్కడ డబ్బు ఖర్చవుతుంది. అదే సాయిసు లివరీ లాయంలో జీతానికి కుదిరి, అదే గుర్రాన్ని, అదే బాటమీద తిప్పితే లాయం యజమానికి లాభం మిగులుతుంది. అక్కడ డబ్బు పిల్లలు పెడుతుంది. ఇదే భేదాన్ని మార్క్స్ ప్రైవేటు బడి యజమాని దగ్గర పనిచేసే ఉపాధ్యాయుడి ఉదాహరణతో చెప్పాడు. ఈ పత్రిక చదివే ఉపాధ్యాయులు ఆ పోలికకు నొచ్చుకోరనే అనుకుంటాను. పెట్టుబడి మొదటి సంపుటంలోనే 1861 జనాభా లెక్కలను పట్టుకొని, ఇంగ్లండు వేల్సుల్లో నౌకరీ వర్గం 12,08,648 మంది ఉన్నారనీ, బట్టలమిల్లుల్లో, గనుల్లో పనిచేసే వాళ్లందరినీ కలిపినా అంతకు మించరనీ చూపించాడు. యంత్రయుగం ఉచ్చస్థితిలో ఉన్న దేశంలో యంత్రం ముందు నిలబడ్డవాళ్లు ఎందరో, పెద్దల ఇళ్లలో పళ్లేలూ గుర్రాలూ తోమేవాళ్లు అందరు! యంత్రం మిగిల్చిన శ్రమ విశ్రాంతిగా మారలేదు, సేవకత్వంగా మారింది.

మన ప్రాంతానికి ఈ కథతో సంబంధం లేకపోలేదు. 1836-39 మధ్య మద్రాసు రాజధానిలో ఉన్న జూలియా మెయిట్‌లాండ్ అనే ఆమె రాసిన లేఖలు 1843లో పుస్తకంగా వచ్చాయి. ఆమె భర్త రాజమండ్రిలో జడ్జి. దొరల ఇంట ఒక్కొక్క గుర్రానికి ఒక మగమనిషీ ఒక ఆడమనిషీ ఉంటారనీ, ఆడమనిషి గడ్డి కోసి తెస్తుందనీ ఆమె నవ్వుతూ రాసింది. మద్రాసు ఇంగ్లీషులో ఆ మగవాణ్ణి ‘హార్స్‌కీపర్’ అన్నారు, మనం గుర్రపువాడన్నాం, ఉత్తరాదిన సాయిసన్నారు. గరికను వేళ్లతో సహా చెక్కి, మన్ను దులిపి మోపు కట్టి తెచ్చే పని గడ్డికోతవాళ్లది. దొర స్వారీకి వెళితే గుర్రపువాడు పక్కన పరుగెత్తేవాడు. గుర్రానికి వ్యాయామం అయ్యేటప్పుడు అతడికీ అయ్యేది. ఇంగ్లండులో ఒక మనిషి రెండు మూడు గుర్రాలను చూసుకుంటే ఇక్కడ ఒక గుర్రానికి ఇద్దరు మనుషులు. దీన్ని కొందరు తూర్పుదేశపు వైభవమన్నారు. ఇక్కడ మనిషి ఎంత చౌకగా దొరికాడో చెప్పే లెక్క అది. ఆ గుర్రాలకు ఇక్కడ పెట్టిన దాణా ఉలవలు. మెట్టపొలాల పేదరైతు ఉడకబెట్టుకు తిన్నవి కూడ అవే ఉలవలు. ఇంగ్లండులో గుర్రానికి పెట్టే ఓట్సును స్కాట్లండులో మనుషులు తింటారని 1755నాటి నిఘంటువులో డాక్టర్ జాన్సన్ వెక్కిరించాడు. అతడు మద్రాసుకు రాలేదు.

హైదరాబాదు వైపు మరొక పద్ధతి చూస్తాం. మొగలు, మహారాష్ట్ర సైన్యాల్లో సొంత గుర్రంతో వచ్చినవాడు సిలేదారు. పరుల గుర్రం ఎక్కి పోరాడేవాడు బార్గీరు. హైదరాబాదు కంటింజెంటు అశ్వికదళంలో కూడ సిలేదారీ పద్ధతి సాగింది. మనిషికీ గుర్రానికీ కలిపి సర్కారు ఇచ్చే సొమ్ము గుర్రం గలవాడికి చేరేది. నాలుగు గుర్రాలు గలవాడు నలుగురు బార్గీర్లను కుదుర్చుకొని, వాళ్ల జీతం పోగా మిగిలినది తాను ఉంచుకునేవాడు. లివరీ లాయానికి ఇది తలకిందులు. అక్కడ గుర్రం గలవాడు దాన్ని ఎక్కినందుకు కూలి చెల్లించాడు; ఇక్కడ ఎక్కినవాడి ప్రాణం మీద కూలి వసూలు చేసుకున్నాడు. రెండుచోట్లా ఎక్కినవాడిది గుర్రం కాదు. ఈ సిలేదారీ పద్ధతిని భారతసైన్యంలో 1921లో ఎత్తివేశారు.

సాయిసు పెద్దల ఇంటి తొత్తు, యజమాని రంగు బట్టలు కట్టుకున్నవాడికి వర్గచైతన్యం ఎక్కడిదని తేలికగా కొట్టిపారేసే అలవాటు మనవాళ్లలో కొందరికి ఉన్నది. వాళ్లు 1975ను చూడాలి. ఆ యేడు న్యూమార్కెట్‌లో, ఇంగ్లండు గుర్రపుపందేలకు కేంద్రమైన ఊళ్లో, లాయం కార్మికులు ట్రాన్స్‌పోర్ట్ అండ్ జనరల్ వర్కర్స్ యూనియన్ నాయకత్వాన జీతాల కోసం సమ్మె చేశారు. ఒక్కొక్కరు రెండు మూడు గుర్రాలను తమవిగా చూసుకొని, రోజూ పొద్దున వాటినెక్కి తిప్పుకొచ్చే మనుషులు వాళ్లు. మే నెల పెద్ద పందేల రోజున బాటకు అడ్డంగా కూర్చున్నారు. పందేలకు వచ్చిన పెద్దమనుషులు వాళ్లమీద చేయిచేసుకున్నారు. అందరూ సమ్మెలో చేరలేదన్నది నిజమే. గుర్రం ఆకలితో సకిలిస్తుంటే వదిలి రావడం మరచట్రం వదిలి రావడంవంటిది కాదు. యజమానికి ఆ సంగతి తెలుసు. అతడి బేరంలో ఆ సకిలింపు కూడ ఒక తూకపురాయి.

ఈ తూకం అంతకుముందే మరోవైపు కూడ మొగ్గింది. 1914 ఆగస్టులో బ్రిటిషు సైన్యం రెండు వారాల లోపునే దాదాపు 1,20,000 గుర్రాలను జనం దగ్గరనుండి తీసుకున్నది. మగసాయిసులు యుద్ధానికి పోగా, యుద్ధానికి పోవలసిన గుర్రాలను సిద్ధం చేసే డిపోలు కొన్నింటిని స్త్రీలే నడిపారు. విల్టుషైర్‌లోని రస్లీ పార్కు డిపోను లూసీ కెంప్-వెల్చ్ చిత్రించింది. ఆ స్త్రీలు ఒక గుర్రం ఎక్కి మరో గుర్రాన్ని పక్కన పట్టుకుపోతూ వాటికి నడక ఇచ్చేవారు. యుద్ధం ముగిసినా స్త్రీలు లాయాన్ని పూర్తిగా వదలలేదు. ఈనాడు బ్రిటనులో లివరీ లాయాల్లో పనిచేసేవాళ్లలో ఎక్కువమంది ఆడపిల్లలే. పని నేర్పుతామని చెప్పి, కొద్దిపాటి జీతానికి, స్వారీ పాఠాలకు మారుగా, తెల్లవారినప్పటినుండి పేడ ఎత్తించే ఆచారం అక్కడ చాలాకాలం సాగింది. 1999లో కనీసవేతన చట్టం అమలుకు వచ్చాక ఆ ఆచారానికి కొంత ఇరకాటం ఏర్పడింది. గుర్రాలంటే ఇష్టం కదా, ఇంకా జీతం ఎందుకన్న మాట మాత్రం చట్టంతో పోలేదు. నర్సులకూ పంతులమ్మలకూ మన దేశంలో చెప్పే మాటే అది.

ఇప్పటి లాయాల్లో రకరకాల ఒప్పందాలు ఉన్నాయి. పూర్తి లివరీ అయితే మేత, శుభ్రం, స్వారీ అన్నీ లాయంవాళ్లవి. ఒక రకం ఒప్పందంలో గుర్రాన్ని స్వారీబడి పిల్లలు ఎక్కడానికి ఇస్తే యజమానికి రుసుము తగ్గుతుంది. ఆ పిల్లలు ఎక్కినందుకు డబ్బు చెల్లిస్తారు. మరోచోట గుర్రం లేని మనిషి వారానికి రెండు రోజులు పరుల గుర్రం ఎక్కి, దాని మేతఖర్చులో వాటా పెట్టుకుంటాడు. ఒకే గుర్రం, ఒకే బాట, ఒకే గంటసేపు నడక. సోమవారం ఎక్కినమ్మాయికి జీతం, బుధవారం ఎక్కినవాడికి ఖర్చు, శనివారం ఎక్కిన పిల్లవాడి నుండి లాయానికి రాబడి. స్మిత్ లెక్క ప్రకారం ఈ ముగ్గురూ చేసినది ఒకటే.

బాకీల సంగతి కూడ మారింది. పాత తీర్పులు తమకు ఇవ్వని పట్టును లాయం యజమానులు ఒప్పందపత్రంలో రాయించుకుంటున్నారు: నెలసొమ్ము కట్టకపోతే గుర్రాన్ని ఆపుతాం, నోటీసు ఇచ్చి అమ్ముతాం అని. తీసుకుపోని వస్తువులను నోటీసు ఇచ్చి అమ్మడానికి 1977నాటి చట్టం కూడ దారి ఇచ్చింది. ఆ పత్రంమీద రెండు సంతకాలుంటాయి, గుర్రం యజమానిది ఒకటి, లాయం యజమానిది ఒకటి. గుర్రాన్ని తిప్పిన అమ్మాయి నెలాఖరు బిల్లులో కనబడుతుంది: వ్యాయామం, ఇన్ని సార్లు, సారికి ఇంత.